గివ్ అప్‌కి తెలుగు తోకలు

గివ్ అంటే ఇవ్వడం. అప్ అంటే పైకి. రెండూ కలిపితే పైకి ఇవ్వడం అవ్వాలి. అవ్వదు. మానేయడం, వదులుకోవడం, లొంగిపోవడం, చేతులెత్తేయడం, ఓడిపోయానని ఒప్పుకోవడం, సందర్భాన్ని బట్టి వీటిలో ఏదో ఒకటవుతుంది. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. గివప్ అని ఒకే మాటలా నోటికొచ్చేసి ఉంటుంది కాబట్టి దాన్ని విడదీసి చూసే అవసరం రాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగులో హఠాత్తుగా ఇంగ్లీషులో పడ్డ నాలాంటివాళ్ళ సంగతి వేరు. పుట్ తెలుసు, అప్ తెలుసు, విత్ తెలుసు. పుట్ అప్ విత్ మాత్రం తెలీదు. మూడూ తెలిసిన మాటలే కావడం వల్ల డిక్షనరీ చూడాలని కూడా తోచదు.

ఈ ఇబ్బంది మనకొక్కళ్ళకే వచ్చింది కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువుకి రాసిన ముందుమాటలోనే ఈ సంగతి ఎత్తాడు. క్రియ పక్కన ఓ చిన్న మాట చేర్చి అర్థం మార్చేయడం మా భాషలో బాగా ఎక్కువ, పరాయివాళ్ళని అన్నిటికన్నా కష్టపెట్టేది ఇదే అని ఆయన అభిప్రాయం. అక్కడ ఆయనిచ్చిన ఉదాహరణల్లో గివ్ ఓవర్ ఉంది. ఆపేయడం అనే అర్థంలో. ఇప్పుడు ఆ పని దాదాపుగా గివ్ అప్ చేతికొచ్చింది. ఇంగ్లండులో కొన్నిచోట్ల మాత్రం గివ్ ఓవర్ అంటే "ఇక చాలు, ఆపు" అని ఇప్పటికీ విసుక్కుంటారు. ఇలాంటి క్రియలకి ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు వ్యాపించింది 1925 తర్వాత. ఆ ఏడు వచ్చిన వర్డ్స్ అండ్ ఇడియమ్స్ పుస్తకంలో లోగన్ పియర్సాల్ స్మిత్ ఆ పేరు వాడాడు. దాన్ని సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని కూడా చెప్పుకున్నాడు. జనం వందల ఏళ్ళుగా వాడుతున్నదానికి స్థిరమైన పేరొచ్చి వందేళ్ళే అయిందన్నమాట.

ఇంతకీ ఇవ్వడానికీ పైకీ ఏమిటి సంబంధం? ఇంగ్లీషు అప్‌కి పైకి అనే అర్థం కాక ఇంకో అలవాటుంది. పని పూర్తిగా, మిగల్చకుండా అయిందని చెప్తుంది. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్. కంచంలో ఏమీ మిగల్లేదు, గ్లాసులో ఏమీ మిగల్లేదు. ఇంకోపక్క యీల్డ్ అప్, డెలివర్ అప్ లాంటి పాత మాటల వరస ఉంది. అక్కడ అప్ అంటే అప్పగింత. ఓడిన రాజు కోటని గెలిచినవాడికి అప్పజెప్పడం. గివ్ అప్‌లో ఈ రెండూ కలిసిపోయాయి. నా దగ్గర ఏమీ మిగల్లేదు, ఉన్నది ఇంకొకరి పాలైంది. నేరస్తుడు పోలీసుల దగ్గరికి తనంతట తాను వెళ్తే గివ్ హిమ్‌సెల్ఫ్ అప్. బస్సులో ముసలావిడకి లేచి చోటిస్తే గివ్ అప్ ద సీట్. ప్రాణం విడిస్తే గివ్ అప్ ద ఘోస్ట్, ఇది 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలుతో బాగా పాతుకుపోయిన మాట. ఇప్పుడు దాన్ని ఎక్కువగా పాత ఫ్రిజ్జులకీ, మొండికేసిన కార్లకీ వాడుతున్నారు. స్టేజి మీద యాంకర్ గివ్ ఇట్ అప్ అని అరిస్తే మాత్రం ఎవరూ ఏదీ వదులుకోనక్కర్లేదు, గట్టిగా చప్పట్లు కొడితే చాలు.

ఇలా జాబితా రాసుకుంటూ పోతే అయిపోయేదే. నన్ను పట్టుకున్నది ఈ జాబితా కాదు. వీటిలో ఒక్కొక్కదాన్నీ తెలుగులో చెప్పబోయినప్పుడు ఎదురయ్యే ఒక ప్రశ్న. ఆ ప్రశ్న ఇంగ్లీషు అడగదు.

తెలుగులో కూడా ఫ్రేజల్ వెర్బులున్నాయి. మనవాటికి చిన్న మాట బదులు ఇంకో క్రియే తోకలా వచ్చి తగులుకుంటుంది. వేయు, కొను, పోవు, పెట్టు. విడిగా చూస్తే వీటికి విసరడం, తీసుకోవడం, వెళ్ళడం, ఉంచడం అని అర్థాలు. తోకగా వచ్చినప్పుడు చేసే పని వేరు. వంటింట్లో చూడండి. "వండేశాను" అంటే పని తెమిలిపోయింది, ఇక నన్ను అడక్కండి. "వండుకున్నాను" అంటే నా కోసం. "వండిపెట్టాను" అంటే మీ కోసం. "ఉడికిపోయింది" అంటే దానంతటదే అయింది, నన్నేమీ అనకండి. అన్నం ఒకటే, పొయ్యి ఒకటే. చేసినవాళ్ళకీ ఆ పనికీ మధ్య లెక్క మాత్రం తోకతోపాటు మారిపోయింది. ఈ నాలుగు వాక్యాలనీ ఇంగ్లీషులోకి మార్చమంటే తేడా చూపించడానికి ఫర్ మైసెల్ఫ్, ఫర్ యూ, బై ఇట్‌సెల్ఫ్ అని విడిగా అతికించాలి. మనకది క్రియలోనే ఉంది, పైగా తప్పించుకోలేం.

ఇప్పుడు గివ్ అప్ దగ్గరికి వద్దాం. దీనికి మనకి దగ్గరగా వచ్చే మాట వదలడం. కానీ ఉత్త "వదిలాను" అని సాధారణంగా అనం. వదిలేశాను అంటాం, లేదా వదులుకున్నాను అంటాం. మొదటిదానిలో విసిరేయడం ఉంది, రెండోదానిలో తీసుకోవడం ఉంది. వదలడం, తీసుకోవడం ఒకే మాటలో ఎలా ఇమిడాయని మొదట అనుమానమొస్తుంది. వ్యాకరణాల్లో ఈ కొను తోకని ఆత్మార్థకం అంటారు. చేసిన పని ఫలితం తిరిగి చేసినవాడి మీదికే వస్తుందని దాని భావం. వదులుకున్నాను అన్నప్పుడు నేను వదిలిన వస్తువు వెళ్ళిపోయింది, వదలడం అనేది మాత్రం నాకే మిగిలింది. తీసుకున్నది ఆ నష్టాన్ని.

ఈ తేడా ఎంత గట్టిదో తెలియాలంటే ఒక పరీక్ష. "భార్యని వదిలేశాడు" అని ఊళ్ళో చాలామంది గురించి విని ఉంటాం. "భార్యని వదులుకున్నాడు" అని ఎప్పుడంటాం? వాడికి బుద్ధొచ్చి, బంగారంలాంటి మనిషిని పోగొట్టుకున్నానని ఏడుస్తున్నప్పుడు. లేదా మనమే వాడి తరఫున జాలి పడుతున్నప్పుడు. మొదటి వాక్యంలో నష్టం ఆవిడది, రెండోదాంట్లో వాడిది. "మొగుడొదిలేసింది" అని ఆడవాళ్ళకి అంటగట్టే మాట ఒకటుంది. అందులోనూ ఉన్నది వేయు తోకే.

ఉత్తర రామాయణం మీద మన ఇళ్ళల్లో జరిగే వాదన మొత్తాన్ని ఈ రెండు తోకలకి కుదించొచ్చని నాకనిపిస్తుంది. రాముడు సీతని అడవిలో వదిలేశాడా, రాజధర్మం కోసం వదులుకున్నాడా? రాముడి పక్షం మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ వదులుకున్నాడనే అంటారు. అటు కోపమున్నవాళ్ళు వదిలేశాడంటారు. వాదన మొదలవకముందే ఎవరెటువైపో తోకని బట్టి తెలిసిపోతుంది. ఓల్గా విముక్త కథలు నాకు ముఖ్యం కావడానికి ఒక కారణం అదే. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. సీత అక్కడ శూర్పణఖనీ, అహల్యనీ, రేణుకనీ, ఊర్మిళనీ కలుస్తుంది. ఆ కలయికల తర్వాత రాముడు ఏం చేశాడన్న ప్రశ్న వెనక్కెళ్ళి, సీత దేన్ని వదిలేయగలిగింది అన్న ప్రశ్న ముందుకొస్తుంది. అప్పటిదాకా వదలడానికి కర్మగా ఉన్న మనిషి కర్త అవుతుంది. వదిలేయడమన్న అదే మాటకి అక్కడ స్వేచ్ఛ అని అర్థం.

ఇక కాశీ. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలనేది మన ఇళ్ళల్లో పాత ఆచారం. నిజంగా ఇష్టమైనదాన్ని వదిలేవాళ్ళు ఎంతమందో ఆ విశ్వనాథుడికే తెలియాలి. కాకరకాయ వదిలేశాననీ, సీతాఫలం వదిలేశాననీ పెద్దవాళ్ళు చెప్తుంటే "నువ్వు అవి ముందు మాత్రం ఎప్పుడు తిన్నావు?" అని పిల్లలు నవ్వడం దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. ఇక్కడ తమాషా ఏమిటంటే, ఆచారం ఉద్దేశం వదులుకోవడం. వాడుకలో మాట మాత్రం "కాశీలో వదిలేశాను". భాష నిజమే చెప్తోందేమో!

ప్రభుత్వం మాటల్ని ఇంత తేలిగ్గా తీసుకోదు. స్తోమత ఉన్నవాళ్ళు గ్యాస్ సబ్సిడీ స్వచ్ఛందంగా మానుకోవాలని 2015లో కేంద్రం ఒక ఉద్యమం నడిపింది. దాని పేరే గివ్ ఇట్ అప్. మరుసటి ఏడాదికల్లా కోటిమందికి పైగా ముందుకొచ్చారని ప్రభుత్వం ప్రకటించింది. తెలుగు వార్తల్లో అది "సబ్సిడీ వదులుకున్నవారు" అనే వచ్చేది. "వదిలేసినవారు" అంటే ఫారం నింపడం బద్ధకమై ఊరుకున్నట్టుంటుంది. వదులుకున్నవారు అన్నప్పుడే అది త్యాగం, అప్పుడే దానికో ధన్యవాదం. నాలుగైదు వందల రూపాయల సిలిండరు దగ్గర కూడా భాష ఇంత లెక్క చూసింది.

ఇంగ్లీషు గివ్ అప్ ఈ లెక్క చూడదు. సిగరెట్లకీ అదే, సింహాసనానికీ అదే. అయితే దీన్ని తెలుగు గొప్పతనంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇంగ్లీషు చూసే లెక్కలు వేరే ఉన్నాయి. గివ్ అప్ పక్కన ఆన్ చేర్చి గివ్ అప్ ఆన్ అన్నారంటే అవతల ఉన్నది మనిషనో, మనిషంత ముఖ్యమైనదనో తెలిసిపోతుంది. డోంట్ గివ్ అప్ ఆన్ మీ అన్న చిన్న వాక్యాన్ని తెలుగులో అంత క్లుప్తంగా చెప్పడం నాకు చేతకాలేదు. "నా మీద ఆశ వదులుకోకు" అంటే సినిమా డైలాగులా ఉంటుంది. "నన్నలా వదిలేయకు" అంటే ప్రేమికుల గొడవలా ఉంటుంది. కొడుకు తండ్రితో అనాల్సొస్తే అసలు మాటే ఉండదు. బాగా చదువుకుంటా నాన్నా అని చెప్పుకోవాలి, అంతే.

వదలడం మన సంస్కృతిలో మంచి మాట కాదన్నది ఇంకో సంగతి. పట్టువదలని విక్రమార్కుడిని చూసి పెరిగాం. చందమామలో ఆయన శవాన్ని మళ్ళీ మళ్ళీ భుజానికెత్తుకోవడం గొప్పగా అనిపించేది. ఉడుంపట్టు పట్టమన్నారు. ఉద్యోగంలో చేరాక నేను రాసిన మొదటి కోడ్‌లలో ఒకటి, అవతలి సర్వర్ జవాబివ్వకపోతే మళ్ళీ ప్రయత్నించే ప్రోగ్రాం. దాంట్లో అతి ముఖ్యమైన అంకె ఎన్నిసార్లు ప్రయత్నించాక మానుకోవాలి అన్నది. అది పెట్టకపోతే ప్రోగ్రాం విక్రమార్కుడవుతుంది, అసలే కష్టాల్లో ఉన్న సర్వర్‌ని కొట్టి కొట్టి చంపుతుంది. పైథాన్‌లో బ్యాకాఫ్ అనే లైబ్రరీ ఉంది, అందులో ఎప్పుడు మానుకోవాలో చెప్పే ఒక షరతు పేరే గివప్. లైనక్స్‌లో అవతలినుంచి జవాబు రాని టీసీపీ కనెక్షన్‌ని వదిలేయడానికి ఒక సెట్టింగుంది. మామూలుగా అది 15. ఒక్కోసారీ ఎడం పెంచుకుంటూ అన్నిసార్లు మళ్ళీ పంపి చూస్తుంది. దాని డాక్యుమెంటేషన్ లెక్క ప్రకారం సుమారు 924 సెకన్లు, అంటే పావుగంట పైన. ఆ తర్వాత వదిలేస్తుంది. యంత్రాలకి ఎప్పుడు వదలాలో ముందే చెప్తాం, అది మంచి డిజైను అంటాం. మనుషులకి చెప్పం. ఇంకో తేడా కూడా ఉంది. కంప్యూటరు దేన్నైనా వదిలేస్తుందే తప్ప వదులుకోదు. దానికి కొను తోక వర్తించదు, పోగొట్టుకునే "తను" అక్కడ లేదు కాబట్టి.

మనుషుల ఉద్యోగాల దగ్గరికొస్తే వదలడం కన్నా ఎక్కువగా వినిపించే మాట మానడం. ఇది ఇంకా చిత్రమైన మాట. పని మానడానికీ గాయం మానడానికీ ఒకటే మాట. మొదటిది ఆపడం, రెండోది నయమవడం. గాయం మానడమంటే సలుపు ఆగడమే కాబట్టి రెండూ ఒకచోట చేరడంలో అర్థముంది. దీనికీ తోకలున్నాయి. సిగరెట్లు మానేశాడు అంటే ఇప్పుడు కాల్చట్లేదు. మానుకున్నాడు అంటే లోపల కోరిక ఉన్నా తనని తాను అదుపు చేసుకున్నాడు. ఇక్కడ మూడో రూపం కూడా ఉంది, మాన్పించడం. గివ్ అప్‌లో లేనిది ఇదే. ఇంగ్లీషులో మేడ్ హర్ గివ్ అప్ అని చెప్పొచ్చు కానీ, దానికి ఎవరు చేయించారో మొదట్లోనే పేరు పెట్టాలి. పేరు పెట్టడం ఇష్టం లేకపోతే షి గేవ్ అప్ అని వదిలేస్తారు. తెలుగులో ఆడపిల్లల గురించి ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు, "ఇంటర్ అవగానే చదువు మాన్పించారు". అదే పిల్ల ఇంగ్లీషు రిపోర్టులో డ్రాపవుట్ అవుతుంది. తనే జారిపడినట్టు.

మా అమ్మ తెనాలి దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసింది. 1993లో మా చెల్లి పుట్టింది. అదే ఏడు తాతయ్యకి పక్షవాతమొచ్చి మంచాన పడ్డాడు. అమ్మ ఉద్యోగం ఆ ఏడుతో ముగిసింది. దీని గురించి ఇంట్లో ఎవరి వాక్యం వాళ్ళకుంది. నాన్నది, "మీ అమ్మే మానేసింది, వద్దని ఎవరన్నారు?" నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ, "సంసారం కోసం మానుకుంది, నా కోడలు బంగారం" అనేది. అమ్మని ఎవరైనా అడిగితే "ఏదో, అప్పట్లో ఆగిపోయిందండీ" అనేది. వాన వస్తే ఆట ఆగిపోయినట్టు. వేయు, కొను, పోవు, మూడు తోకలూ ఒకే ఇంట్లో ఒకే సంగతి మీద ముప్పయ్యేళ్ళు బతికాయి. ఇంగ్లీషులో అయితే ఈ మూడింటికీ షి గేవ్ అప్ హర్ జాబ్ అనే ఒక్క వాక్యం సరిపోతుంది. ముగ్గురూ సంతకం పెట్టేస్తారు.

నాలుగో రూపం నేను 2023లో విన్నాను. మా పాపకి అప్పుడు ఏడో నెల. నా భార్య ప్రసూతి సెలవు అయిపోయింది. ఆఫీసుకి వారానికి మూడు రోజులు రావాల్సిందేనన్నారు. తనది హనుమకొండ. వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేసి "నౌకరి ఇడ్సిపెట్టకు బిడ్డా" అనేది. విడిచిపెట్టడంలో ఉన్నది ఉంచడం, పెట్టడం. చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టొద్దు అన్నట్టు వినిపించేది నాకు. మా నాన్న సంగతి తెలిసిందే, ఆయన దగ్గర ఆ వాక్యం సిద్ధంగా ఉంది. "ఓ రెండేళ్ళు మానేస్తే పోలా?" అందరి ముందూ భోజనాల దగ్గర అన్నాడు, చాలా మామూలుగా, పెరుగు కలుపుకుంటూ. నా భార్య ఏమీ అనలేదు. గిన్నెలు తీస్తూ అమ్మే అంది, తనతో.

"నేను మానేయలేదమ్మా. మాన్పించారు."

"ఎవరు అత్తమ్మా?" అని అడిగింది తను.

"ఎవరో ఒకరా ఏంటి!" అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న పెరుగన్నం తినడం పూర్తిచేశాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఆ రోజూ, తర్వాతా.

అప్పటిదాకా నేను తెలుగు క్రియ ఏదీ దాచలేదనీ, ఇంగ్లీషే దాస్తుందనీ అనుకుంటూ వచ్చాను. మాన్పించారు అన్న మాట చివర ఉన్న "రు" చూడండి. అది బహువచనం, గౌరవం కూడా అదే. అందులో ఉన్నది మంచాన పడ్డ తాతయ్య కావచ్చు. కోడలు బంగారం అన్న నాయనమ్మ కావచ్చు. అమ్మ ఎప్పుడూ గౌరవంగా "మీ నాన్నగారు" అని చెప్పుకునే మా నాన్న కావచ్చు. అందరూ కావచ్చు. మాన్పించాడు అంటే ఒక మనిషి దొరికేవాడు, మాన్పించింది అంటే ఇంకో మనిషి దొరికేది. "రు" దగ్గర ఎవరూ దొరకరు. ఇంగ్లీషు గివ్ అప్ మొత్తం భారాన్ని మానినవాళ్ళ మీదకి తోస్తుంది. తెలుగు మాన్పించారు ఆ భారాన్ని తీసి, ఎవరి మీదా పెట్టకుండా గాల్లో ఉంచుతుంది. చదువు మాన్పించారు, పెళ్ళి చేశారు, పంపించారు. మన ఆడవాళ్ళ జీవిత చరిత్రలు సగం ఈ "రు"లతో నిండి ఉంటాయి. మర్యాద ఉన్నచోట నేరస్తుడు కనిపించడు.

అనువాద కథలు చదివేటప్పుడు నా చూపు ఇప్పుడు అటే పోతుంది. ఇంగ్లీషు మూలంలో ఒక స్త్రీ ఏదో గివ్ అప్ చేసింది అని ఉంటుంది. సంగీతం, ఊరు, మతం, ఒక మగవాడు, ఏదైనా. తెలుగులో అనువాదకులు దాదాపు ఎప్పుడూ వదులుకుంది అనే రాస్తారు. అది వినడానికి బాగుంటుంది, త్యాగం వాసనేస్తుంది. మూలంలో ఆ త్యాగం ఉందా లేదా అని వెతికితే చాలాసార్లు కనిపించదు. ఆవిడ విసుగొచ్చి వదిలేసి ఉండొచ్చు. హాయిగా వదిలేసి ఉండొచ్చు. ఆ ఒక్క తోకతో మనం ఆవిడకి ఒక దుఃఖం అంటగట్టాం. మగ పాత్ర దగ్గరికి వచ్చేసరికి అదే గివ్ అప్‌కి మానేశాడు అనో, వదిలేశాడు అనో రాయడం కూడా చూశాను. ఇంగ్లీషు ఇక్కడ ఆడామగా తేడా చూపించలేదు. మనం చూపించాం. తోక ఎంచుకోవడం వ్యాకరణం పని కాదు, విమర్శ పని. కథని ఎలా చదివామో ఆ తోకే చెప్తుంది.

మా తరం వాళ్ళు దీన్ని తప్పించుకోవడానికి ఒక దారి కనిపెట్టారు. "గివప్ చేశా" అంటున్నారు. జిమ్ గివప్ చేశా, యూపీఎస్సీ గివప్ చేశా, వాణ్ణి గివప్ చేశా. తెలుగు క్రియ వాడితే ఎంత పోగొట్టుకున్నామో చెప్పాల్సి వస్తుంది. ఇంగ్లీషు మాట తగిలిస్తే చెప్పక్కర్లేదు. కానీ కొంచెం చెవి పెట్టి వినండి. ఎక్కువసేపు ఉత్త "గివప్ చేశా" అనలేరు. రెండో వాక్యానికే "గివప్ చేసేశా" అంటారు. తోక వెనక నుంచి వచ్చేసింది. అది కూడా ఎప్పుడూ వేయు తోకే. "గివప్ చేసుకున్నా" అని ఎవరూ అనగా నేను వినలేదు. ఇంగ్లీషు మాటని తెచ్చుకున్నది పోగొట్టుకున్న సంగతి చెప్పకుండా ఉండటానికేగా మరి.

నా భార్య మూడు నెలలు ఆఫీసుకి వెళ్ళింది. ఆ తర్వాత రాజీనామా చేసింది. అది తన నిర్ణయం అని నేనిక్కడ రాయగలను. కానీ పాప జ్వరాలు, క్యాబ్‌లో రానూ పోనూ మూడు గంటలు, ఇంట్లో నా మీటింగులు, ఇవన్నీ చేరిన నిర్ణయాన్ని ఒక్కరి పేరు మీద రాయడం ఎంతవరకు సరైనదో మీరే చెప్పండి. అపార్ట్‌మెంటులో వాళ్ళు "మానేశారటగా?" అని అడిగితే "మానలేదు, ఆపాను" అనేది. ఆపాను. తోక లేని క్రియ. అమ్మ "ఆగిపోయింది"కీ, తన "ఆపాను"కీ ధాతువు ఒకటే. తేడా అంతా చేసినవాళ్ళు వాక్యంలో ఉన్నారా లేదా అన్నదే. తెలుగులో అలా బోసిగా మాట్లాడితే కొంచెం పొగరుగా వినిపిస్తుంది. అడిగినవాళ్ళు కాసేపాగి, పాప బాగుందా అని మాట మార్చేవాళ్ళు.

లింక్డ్‌ఇన్‌లో ఇప్పుడు కెరీర్ బ్రేక్ అని ఒక విభాగముంది. 2022లో పెట్టారు. ఎందుకు విరామం తీసుకున్నారో జాబితాలోంచి ఎంచుకోవాలి. పిల్లల పెంపకం, ఆరోగ్యం, ప్రయాణాలు, అలా ఉంటాయి. బాగా ఆలోచించి చేసిన జాబితానే. అయినా అందులో ఉన్నవి ఎక్కువగా మానేసినవాళ్ళవీ, మానుకున్నవాళ్ళవీ. మాన్పించారు అని లేదు. దాన్ని ఏ భాషలోనైనా రెజ్యూమేలో ఎలా పెడతారో నాకూ తెలీదు.

ఈమధ్య తను మళ్ళీ ఇంటర్వ్యూలకి వెళ్తోంది. గతవారం ఒకచోట ప్యానెల్లో కూర్చున్నావిడ, ఆవిడా తెలుగావిడేనట, అంత మంచి రోల్ వై డిడ్ యూ గివ్ అప్ అని అడిగింది. తను ఇంగ్లీషులోనే రెండు వాక్యాల్లో జవాబు చెప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయానంది. ఆవిడ తెలుగులో అడిగుంటే ఏ మాట వాడేదానివి అని నేనడిగాను.

"ఆమె ఏ మాట వాడి అడిగిందో చూసి చెప్పేదాన్ని" అంది.